తేనెవాగు పొలిమేర

గౌతమీ తీరమున గొల్వుగల్గు తండ్రి!
చెఱను బడువాని తల్లికిం జేయి నొసగి,
తీర్పు సెప్పెడి వారికి ధృతిని బెంచి,
కథను నడిపింపవే స్వామి, కరుణతోడ!

ఈ యేడు కృత్తిక కార్తెలో మొదలై ఆరుద్ర కార్తెలో ఒక దారికి వచ్చిన కథ ఇది.

ఓరుగల్లులో సంస్కృతాంధ్రములు బోధించే కొలువు విరమించాక, శేషకాలం గోదావరి ఒడ్డున గడపాలన్న కోరికతో నేనూ నా భార్యా పర్ణశాలకు వచ్చి ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నాము. సాయంకాలం గుడి మండపంలో పురాణం చెబుతాను. యాత్రికులు వింటారు, పడవలవాళ్ళు వింటారు, సంత ముగించుకొని అడవిలోని గూడేలకు తిరిగి వెళ్ళేవారు బుట్టలు దింపుకొని కాసేపు వింటారు. మా కుమారుడు వెంకటకృష్ణ న్యాయమూర్తి. మేము ఇక్కడ స్థిరపడిన తరువాతనే అతనికి కొత్తగూడెం జిల్లా కోర్టుకు బదిలీ అయింది. ప్రతి ఆదివారం వచ్చి తల్లి చేతి వంట తిని వెళ్ళేవాడు.

ఆ ఊళ్ళో మాకు తోడబుట్టినదాని వంటిది ఎర్రమ్మ. అడవి అంచున ఉన్న తేనెవాగు గూడెం ఆమెది. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయలు తెచ్చేది. నా భార్యతో అరుగు మీద కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు వాళ్ళకు. ఆమె కొడుకు రవీందర్ గూడెం బడిలో ఉపాధ్యాయుడు. పండిత శిక్షణ పరీక్షకు చదివేటప్పుడు నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నాడు. ఆ రోజులలో మధ్యాహ్న భోజనం మా ఇంట్లోనే. గురులఘువులు తప్పుగా గుర్తించిన నాడు నేను కోప్పడేవాడిని, అదే నాడు నా భార్య అతని విస్తరిలో నెయ్యి ఎక్కువ వేసేది.

తేనెవాగులో ఒక కట్టుబాటు ఉంది. తొలకరి ఎంత పడినా, పూజారి వంశపు మగవాడు భూమి పండుగ నాడు తొలి విత్తు మట్టిలో పెట్టేదాకా ఏ ఇంటివారూ గింజ చల్లరు. తండ్రి పోయిన తరువాత ఆ వంశంలో మిగిలిన చేయి రవీందర్‌ది ఒక్కటే.

వేసవిలో గ్రామసభ కూర్చొని ఊరి పొలిమేరలో ఒక రాయి పాతింది. అడవిలో యంత్రాలతో తవ్వకాలకు మనుషులు వచ్చి కొలతలు వేసుకొని పోతున్నారనీ, తమను అడిగినవాడు లేడనీ వాళ్ళ బాధ. రాతి మీద అక్షరాలు రాసినవాడు రవీందర్. ఆ రాయి పాతిన వేడుకను ఎవరో సెల్‌ఫోనులో పట్టారు. అది ఊరూరూ తిరిగి టీవీకి ఎక్కింది. "అడవిలో వేరే రాజ్యం" అని ఎర్రని అక్షరాలతో చూపించారు. వారం తిరగకముందే రవీందర్‌ను పట్టుకుపోయారు.

ఆ సంగతి చెప్పడానికి ఎర్రమ్మ మా ఇంటికి వచ్చింది. అరుగు ఎక్కలేదు. మెట్టు మీదనే కూలబడింది.

"తునికాకు కల్లం కాడ కట్టలు ఎండేస్తాండు పంతులమ్మా. జీపు వచ్చింది. 'సారు ఎవరు' అన్నరు. నేనే అన్నడు. గంతే, ఎక్కించుకున్నరు. రాయిని సుత పీకి ట్రాక్టర్ల ఏసిండ్రు. మనిషినీ రాయినీ ఒక్కతీర్గనే పట్టుకపోయిండ్రు."

"ఏమని పట్టుకున్నారు?" అని నా భార్య అడిగింది.

"దేశద్రోహం అంట. గదేంది పంతులయ్యా? దేశానికి వీడేం జేసిండు? ఖమ్మంల ట్రైనింగుకు పోయిందే వాడు సూసిన దేశం. ఇప్పుడు గా ఖమ్మం జైల్లనే పెట్టిండ్రు."

ద్రోహమన్న ఆ మాటను నేను నా కథలలో ఎన్నోమార్లు పలికినవాడిని. కొలువులో చాడీలు చెప్పేవాడుంటాడు, రాజుకు కన్నెర్రనవుతుంది, సత్యం పలికినవానికి సంకెల పడుతుంది. మండపంలో ఆ ఘట్టం వచ్చినప్పుడు నా గొంతు లేస్తుంది, జనం నిట్టూరుస్తారు, హారతితో అది ముగుస్తుంది. మెట్టు మీద కూర్చున్న తల్లికి చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏ ఘట్టమూ లేకపోయింది.

కింది కోర్టు బెయిలు కాదన్నది. వేసవి సెలవులు ముగిశాక దరఖాస్తు జిల్లా కోర్టుకు వచ్చింది. వకీలు బలరాం ఇల్లందు దగ్గరి తండా నుండి వచ్చినవాడు. నల్లకోటు సంచిలో పెట్టుకొని మోటారుసైకిలు మీద తిరిగే మనిషి. అతడే వచ్చి చెప్పాడు.

"పంతులుగారూ, కేసు మీ అబ్బాయి గారి బెంచి మీదకి వచ్చింది. నేను మిమ్మల్ని ఏం అడగడానికి రాలే. ఊరికె చెప్తున్న."

ఊరికె చెప్పిన ఆ మాట ఎర్రమ్మ చెవిన పడింది. ఆమె అరుగెక్కి నా భార్య చేతులు పట్టుకున్నది.

"అవ్ పంతులమ్మా! మనోడే గదా! నా కొడుకు పండుగకు ఇంటికొస్తడు, తొలి విత్తు పెడ్తడు. ఇగ నాకేం రంది లేదు."

మరునాడు నా భార్య నన్ను నిలువనీయలేదు. "మీరు వెళ్ళి ఒక్కమాట చెప్పండి. వాడు చెడ్డపని ఏం చేయనక్కరలేదు. ధర్మం చేస్తే చాలు" అన్నది. నాకూ అది న్యాయంగానే తోచింది. భద్రాచలం మీదుగా కొత్తగూడెం వెళ్ళాను.

అబ్బాయి కోర్టు నుండి అప్పుడే వచ్చాడు. నన్ను చూసి సంతోషించాడు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, తానే కాఫీ కలిపి తెచ్చాడు. నేను వచ్చిన పని మొదలుపెట్టాను. ఏ పక్షమూ వహించమని అడగను అన్నాను. ధర్మాసనం మీద కూర్చున్నవాడు ప్రభువు ముఖం చూడరాదన్నాను. ప్రభువుకు కోపం వచ్చినప్పుడే ఆ ఆసనానికి పరీక్ష అన్నాను. నోటికి వచ్చిన శ్లోకాలన్నీ చదివాను. బాగానే మాట్లాడాననుకున్నాను.

అతడు అంతా విన్నాడు. అడ్డు రాలేదు.

"నాన్నగారూ, ఈ కేసు గురించి నాతో మాట్లాడటానికి ఇద్దరు వచ్చారు. మొన్న వచ్చినాయన పెద్ద హోదాలో ఉన్నవాడు. దేశం గురించి చాలాసేపు మాట్లాడి, బెయిలు రాకుండా చూడమన్నాడు. రెండోవారు మీరు."

కాఫీ గ్లాసు కింద పెట్టాను. "నేనూ ఆయనా ఒకటేనా, కృష్ణా?"

"మీరు నాకు తండ్రి. ఆ కుర్చీకి మాత్రం ఇద్దరూ ఒకటే." గ్లాసు నా వైపు జరిపాడు. "కాఫీ తాగండి. చల్లారిపోతోంది."

తాగాను. రుచి తెలియలేదు. ఆ రాత్రి ఉండమన్నాడు గానీ ఉండక ఆఖరి బస్సుకు వచ్చేశాను.

దరఖాస్తు పిలిచిన రోజున కోర్టుహాలులో వెంకటకృష్ణ అన్న మాటలు బలరాం మాకు వచ్చి చెప్పాడు. "ముద్దాయి మా తల్లిదండ్రుల ఇంట్లో చదువుకున్నాడు, భోజనం చేశాడు. కాబట్టి ఇది నేను వినరాదు" అన్నాడట. ఇరుపక్షాల ముందూ బిగ్గరగా అన్నాడట. అంతటితో ఆగలేదు. కేసు విషయమై తనను కలిసిన ఇద్దరి పేర్లనూ జిల్లా ప్రధాన న్యాయమూర్తికి రాసి పంపాడు. ఆ పెద్దమనిషి పేరు కింద నా పేరు ఉన్నది.

ఎర్రమ్మ మా ఇంటికి రావడం మానేసింది. ఆమె బదులు గూడెం పెద్ద గోపాలు వచ్చాడు. ఆయన నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే కోసేవాడు.

"పంతులయ్యా, నాకు తెల్వక అడుగుతున్న. తిన్నోడు మా రవి. పెట్టినోళ్ళు మీరు. తిన్నోనికి విశ్వాసం ఉండాలె, గది కాయిదా. మరి పెట్టినోని కొడుకు పక్కకు జరుగుడేంది?"

"అది కోర్టు ధర్మం గోపాలూ. తెలిసినవారి వ్యాజ్యం తాను వినరాదు."

"అవునా? మా దగ్గర పంచాయితీ అయితే తెలిసినోడే సెప్తడు. తెల్వనోనికి మా సంగతి ఏం తెలుస్తది?"



ఆదివారం అబ్బాయి వచ్చాడు. నా భార్య విస్తరి వేసింది. పప్పు, వంకాయ కూర, చారు అన్నీ ఉన్నవి. మాట మాత్రం లేదు. సగం భోజనంలో అతడే అడిగాడు.

"కోపంగా ఉన్నావా అమ్మా?"

"నాకెందుకు కోపం? కన్నతండ్రి పేరు పైవాళ్ళకు రాసి పంపిన గొప్పవాడివి. ఎర్రమ్మ ఇన్నాళ్ళూ ఈ అరుగు మీద కూర్చొని నీకోసం కుంకుడుకాయలు కొట్టింది. దానికి నువ్విచ్చిన న్యాయం ఇదా? నువ్వు ఉండగా ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో పెట్టావు వాడిని."

"ముక్కూ ముఖం తెలియని మనిషే కావాలమ్మా వాడికి. నేను బెయిలు ఇస్తే, 'తండ్రి చెప్పాడు, కొడుకు ఇచ్చాడు' అని మర్నాడే పైకోర్టుకు పోతారు. వాడు మళ్ళీ లోపలికి. నేను కాదంటే, నా పేరు నిలబెట్టుకోవడానికి వాడిని బలి ఇచ్చినవాడినవుతాను. ఎటు చేసినా ఆ తీర్పు రవిది కాదు, నాది అవుతుంది."

ఆమె మజ్జిగ పోసింది. "తిను" అని మాత్రం అన్నది. అతడు తిని, చేయి కడుక్కొని, నాకు నమస్కరించి వెళ్ళిపోయాడు. ఆపై వచ్చిన ఆదివారం రాలేదు.

మృగశిరలో వాన మొదలైంది. గోదావరి రంగు మారింది. చుట్టుపక్కల గూడేలలో అరకలు కదిలాయి. రోడ్డు పక్క చేలలో పత్తి గింజలు పెడుతున్నారు. తేనెవాగులో మాత్రం గింజల బుట్టలు ఇళ్ళ దూలాలకే వేలాడుతున్నవి. అక్కడి పడుచువాళ్ళు కొందరు గోపాలును నిలదీశారు. ఆ సమయానికి నేను ఎర్రమ్మను చూడటానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"తాతా, అదును పోతాంది. ఆరుద్ర దాటితే ఇగ ఏమేసినా గడ్డే. ఇంకెవలన్న పెడితే ఏమైతది?"

గోపాలు చుట్ట ఆర్పాడు. "పెట్టొచ్చు. పూజారి సచ్చిపోయి మొగపిల్లగాడు లేకుంటే ఇంకొకలు పెట్టొచ్చు. ఇయ్యాల వాడు బతికుండంగ మనం పెడితే, వాణ్ణి సచ్చినోళ్ళల్ల కలిపినట్టే. అగో, వాళ్ళమ్మ కూసున్నది. పోయి ఆమెనడుగు, పెడదామా అని."

పడుచువాళ్ళు ఎర్రమ్మ వైపు చూశారు. అడగలేదు. ఒకడు పోయి వాన నీళ్ళకు అడ్డంగా ఉన్న మట్టిని కాలితో తన్ని తిరిగి వచ్చాడు.

దరఖాస్తు కొత్తగా బదిలీపై వచ్చిన న్యాయమూర్తి హేమలత గారి ముందుకు వెళ్ళింది. ఆమె ఏ జిల్లా ఆవిడో, ఎటువంటి మనిషో బలరాంకు కూడా తెలియదు. విచారణ నాడు నేనూ నా భార్యా ఎర్రమ్మను తీసుకొని వెళ్ళాము. బస్సులో వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ కిటికీలోంచే చూశారు. కోర్టుహాలులో వెనుక బల్ల మీద కూర్చున్నాక ఎర్రమ్మ నా చెవిలో అడిగింది.

"ఈమె మనోళ్ళా?"

"కాదు."

"మరి వాళ్ళోళ్ళా?"

"అదీ తెలియదు."

"గట్లయితే ఎవ్వరి మనిషి?"

అంతలో కేసు పిలిచారు.

సర్కారు వకీలు గట్టిగానే వాదించాడు. అది రాయి కాదన్నాడు, వేర్పాటుకు పునాది అన్నాడు. న్యాయమూర్తి రాసుకుంటూ విన్నది. తలెత్తి, "ఆ రాయి ఇప్పుడెక్కడ ఉంది?" అని అడిగింది.

"స్టేషన్ ఆవరణలో ఉంది మేడమ్."

"దాని మీద ఏం రాసి ఉందో చదవండి."

"'తేనెవాగు. గ్రామసభను అడిగి లోపలికి రండి.'"

"రావద్దు అని ఉందా?"

"లేదు మేడమ్. కానీ ఉద్దేశం..."

"ఉద్దేశం విచారణలో చూద్దాం. ఆయుధం ఏమైనా దొరికిందా? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు మేడమ్. అయితే ఆ వీడియోను లక్షలమంది చూశారు."

"చూసినవాళ్ళు పెరిగితే నేరం పెరుగుతుందా?"

హాలులో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వినవాడి వైపు చూసింది, అతడు తల దించుకున్నాడు.

"బయటికి వస్తే మళ్ళీ రాయి పాతుతాడు మేడమ్" అన్నాడు సర్కారు వకీలు.

"సరే, మీరు చెప్పండి బలరాం గారూ. మీ క్లయింటు నిర్దోషి అన్న వాదన నాకు ఇప్పుడు వద్దు. అది తేలవలసిన చోట తేలుతుంది. తేలేదాకా ఆయన జైల్లోనే ఎందుకు ఉండనక్కరలేదో అది చెప్పండి."

బలరాం కొద్దిమాటల్లో చెప్పాడు. ఆయన బడి ఇక్కడే ఉంది, తల్లి ఇక్కడే ఉంది, పారిపోయే మనిషి కాదు. రాయి పోలీసుల దగ్గరే ఉంది, చెరపడానికి సాక్ష్యం లేదు. తొలి విత్తు సంగతి కూడా చెప్పబోయాడు. "అది మంచి ఆచారమే కావచ్చు. పండుగ ఉన్నదని బెయిలు ఇవ్వను, లేదని ఆపను" అన్నది ఆమె. నా పక్కన ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

బెయిలు ఇస్తూ ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది. అసమ్మతి తెలిపినంత మాత్రాన అది ద్రోహం కాదనీ, దర్యాప్తుకు అవసరం లేనివాడిని శిక్షకు ముందే శిక్షించరాదనీ అందులో ఉన్నది. పోలీసుల భయాన్ని కూడా ఆమె పూర్తిగా తోసివేయలేదు. అభియోగపత్రం దాఖలయ్యేదాకా రవీందర్ తేనెవాగు పొలిమేర లోపలికి అడుగు పెట్టరాదని షరతు. ఆ సాయంకాలం టీవీలో ఆమె ఫోటో, రాయి ఫోటో పక్కపక్కన చూపించి ఏవేవో అన్నారు. ఇది రాసేనాటికి ఆమెకు వేరే జిల్లాకు బదిలీ అయింది. దీనివల్లనే అయిందో, మామూలుగా అయిందో నేను చెప్పగలవాడిని కాను.

ఊళ్ళోకి పోరాదంటే రవీందర్ ఎక్కడ ఉండాలి? ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే నా భార్య వెనుక గది ఊడ్చి మంచం వేసింది. ఆమే కొడుకుకు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను, అతని మాట నాకు వినబడింది.

"మంచి పని చేశావమ్మా. అయితే వాడు మన ఇంట్లో ఉన్నంతకాలం నేను ఆ గడప తొక్కను. వాడి కేసు మా కోర్టులోనే నడుస్తుంది. నేను వచ్చిపోతుంటే, ఆ బెయిలు ఇచ్చినావిడ మీదకే మాట వస్తుంది."

నా భార్య "వేళకు తిను" అని పెట్టేసింది.

భూమి పండుగ నాటి ఉదయం వాన తెరిపి ఇచ్చింది. గూడెం అంతా వాగు దాటి పొలిమేర దగ్గరికి వచ్చింది. డోలు ఉన్నది, దొప్పలలో గింజలు ఉన్నవి. రవీందర్‌ను ముందురాత్రి జైలు నుండి మా ఇంటికి తెచ్చుకొని, తెల్లవారి మేము ఇవతలి నుండి తీసుకువెళ్ళాము. షరతు తప్పకుండా చూడటానికి ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. వయసులో చిన్నవాడు. అటూ ఇటూ చూశాడు. చెట్లు ఒక్కతీరుగానే ఉన్నవి.

"పెద్దాయనా, మీ పొలిమేర ఎక్కడ?"

గోపాలు గొంతు సవరించుకున్నాడు. "మీరు రాయి పీక్కపోయిన కాడ, సారూ."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కానిస్టేబుల్ ఒకడు దగ్గాడు. ఎస్సై ముఖం ఎర్రబడింది. వాన నీటితో నిండిన గుంత దగ్గరికి తానే నడిచి వెళ్ళి, "ఇదిగో, దీనికి అవతల అడుగు పెట్టొద్దు మాస్టారూ" అన్నాడు.

"పెట్టను సార్."

రవీందర్ గుంతకు ఇవతల బురదలో బోర్లా పడుకున్నాడు. చేతులు చాచాడు. అవతలి మట్టిని వేళ్ళతో గుల్ల చేశాడు. ఎర్రమ్మ అవతల కూర్చొని దొప్పలోంచి గింజలు అతని అరచేతిలో పోసింది. జైలుకు పోయిన తరువాత తల్లి చేయి అతనికి తగలడం అదే మొదటిసారి అనుకుంటాను. గింజలు అందిన తరువాత కూడా ఆ చేయి కాసేపు తీయలేదు. అతడు విత్తు మట్టిలో పెట్టి కప్పాడు. వాళ్ళ భాషలో ఏదో పలికాడు. నేను ఎరిగిన మంత్రాలలో అది లేదు. నేను కూడా చేతులు జోడించాను.

ఎస్సై చాలాసేపు ఆ చేతుల వైపు చూశాడు. తరువాత వెనుదిరిగి మోటారుసైకిలు అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. డోలు మోగింది. పడుచువాళ్ళు బుట్టలు భుజాన వేసుకొని చేల వైపు పరుగెత్తారు.

ఎర్రమ్మ గుంత చుట్టి మా వైపు వచ్చింది. పండుగ వంటను ఆకులో కట్టి తెచ్చింది. అబ్బాయి కేసు వదులుకున్న నాటి నుండి వాళ్ళిద్దరి మధ్యా మాట సరిగా లేదు. ఆమె ఆ కట్టను నా భార్య చేతిలో పెట్టింది.

"జడ్జి అయ్యకు పంతులమ్మా. నేను మస్తు తిట్టుకున్న ఆయన్ను. ఎల్లుండి ఐతారం గదా. వస్తడు గదా, పెట్టు."

నా భార్య ఆ ఆకు కట్టను చూసింది.

"వాడు రాడు ఎర్రమ్మా. రవి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రాడు. నువ్వు పంపినది తినడు కూడా."

"అయ్యో, గట్లెట్ల? కొడుకు రాకుంటె ఎట్ల నీకు? నేను నా పిల్లగాణ్ణి ఇంకెక్కడన్న ఉంచుత. నీ కొడుకును రమ్మను."

"వద్దు." నా భార్య తలెత్తింది. "రాకూడదు. వాడు రాకూడదు, ఎర్రమ్మా."

ఎర్రమ్మ ఆమె చేతిలోంచి ఆకు కట్టను తిరిగి తీసుకున్నది. దానిని విప్పి, తడి నేల మీదనే కూర్చొని, పక్కన చోటు చూపించింది. "గట్లయితే నువ్వన్న తిను" అన్నది. ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు.

ఈ కథ విన్నవారి చేలకు అదును తప్పకుండుగాక. చెరలో ఉన్నవారి తల్లులకు బిడ్డల చేతులు అందుగాక. తీర్పు చెప్పేవారికి ఎవరి పిలుపుకూ చలించని మనసు, వారిని కన్నవారికి ఆ ఎడబాటును ఓర్చుకొనే బలం ఆ రామచంద్రుడు ప్రసాదించుగాక. చదివినవారికీ, విన్నవారికీ, వినక దూరంగా ఉన్నవారికీ శుభమగుగాక.